రెల్లు కలిసిన చెరకు: బహువార్షిక పంటల్లో జాత్యంతర సంకరణ నేపథ్యం

ఇప్పుడు సాగులో ఉన్న చెరకు రకాల్లో దాదాపు అన్నింటిలోనూ ఏటిగట్ల మీద దానంతటదే పెరిగే రెల్లు గడ్డి అంశ ఉంది. 19వ శతాబ్దం చివరి దాకా చెరకును ముచ్చెలతోనే, అంటే నాటేందుకు కోసిన గడ ముక్కలతోనే పెంచేవారు. దాని విత్తనం మొలవదనే నమ్మకమే ఎక్కువ. 1880ల చివరలో జావాలో సోల్ట్‌వెడెల్, బార్బడోస్‌లో హారిసన్, బోవెల్ అనే పరిశోధకులు విడివిడిగా ఆ నమ్మకం తప్పని చూపించారు. సరిగ్గా ఆ కాలంలోనే జావా తోటలను సెరె తెగులు దెబ్బతీస్తుండటంతో, దాన్ని తట్టుకునే శక్తి కోసం పరిశోధకులు రెల్లు వైపు చూశారు.

చెరకును రెల్లుతో కలిపిన సంకరం మొదటి తరంలో గడలు సన్నబడి, పీచు పెరిగి, తీపి తగ్గుతుంది. అందుకే ఆ సంతతిని లావు చెరకుతో (లావు, తీపి గడల సాగు జాతితో) మళ్ళీ రెండు మూడుసార్లు కలిపి, రెల్లులోని గట్టిదనాన్ని మాత్రం మిగుల్చుకునే పద్ధతి జావాలో రూపుదిద్దుకుంది. 1921 నాటి పీఓజే 2878 అనే చెరకు రకం దాని ఫలితమే. కోయంబత్తూరులో 1912లో మొదలైన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ రూపొందించి 1918లో విడుదల చేసిన సీఓ 205 రకం మాత్రం మొదటి తరం సంకరమే. సిద్ధాంతం ప్రకారం పక్కన పెట్టాల్సిన ఆ మొక్కే, సన్న చెరకు పండించే ఉత్తర భారత నేలలకు సరిపోయింది.

ఈ సంకరణంలో లావు చెరకు తన 80 క్రోమోజోములనూ సగం చేయకుండా సంతతికి అందిస్తుంది. ఇలా లెక్క తప్పిన క్రోమోజోములు విత్తనంతో సాగే పంటలో పెద్ద చిక్కు తెచ్చేవి. ముచ్చెతో నాటే పంటలో మాత్రం, మంచి మొక్క ఒక్కటి దొరికినా దాన్ని ఉన్నదున్నట్టే ఎంత విస్తీర్ణానికైనా పెంచవచ్చు. బహువార్షిక పంటల్లో జాత్యంతర సంకరణం (వేర్వేరు జాతులను కలపడం) నిలదొక్కుకోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం.

ద్రాక్ష దారి కొంచెం వేరు. వేళ్ళను దెబ్బతీసే ఫిల్లాక్సెరా పురుగు 1860ల నుంచి ఫ్రాన్సు తోటలను ఎండబెట్టినప్పుడు అమెరికా జాతులతో చేసిన సంకరాలు బతికాయి గాని, వాటి పండ్ల వాసన చాలామందికి నచ్చలేదు. చివరికి అమెరికా జాతుల సంకరాలను వేరుమూలాలుగా (అంటుకు అడుగున వేళ్ళనిచ్చే మొక్కలుగా) వాడి, వాటిపై ఐరోపా ద్రాక్షను అంటుకట్టడమే స్థిరపడింది.

కాఫీలో మాత్రం పని ప్రకృతే చేసింది. 44 క్రోమోజోముల అరబికా, 22 క్రోమోజోముల రోబస్టా టిమోర్ దీవిలో వాటంతటవే కలవగా, 44 క్రోమోజోములతో ఆకుతుప్పు తెగులును తట్టుకునే చెట్టు పుట్టింది. కాటిమోర్ వంటి రకాలన్నీ ఆ సంకరం నుంచే వచ్చాయి. అయితే తెగులు శిలీంధ్రం కూడా మారుతూ వచ్చింది: ఆ వంశానికే చెందిన లెంపీరా రకం తుప్పును తట్టుకునే శక్తిని కోల్పోయిందని హోండురాస్‌లో 2017లో తేలింది. చెరకుకూ ఈ బెడద ఉంది, ఎందుకంటే నేటి రకాల వంశవృక్షాలు వెనక్కి వెళ్ళేకొద్దీ జావా, కోయంబత్తూరు కేంద్రాల్లో వాడిన కొద్దిపాటి రెల్లు, లావు చెరకు మొక్కల దగ్గరికే చేరతాయి.