నివాళి ఫ్లెక్సీలో ఎన్ని ముఖాలు?

జనవరి 30, గాంధీ వర్ధంతి వస్తే చాలు, హైదరాబాద్‌లో ఫ్లెక్సీల గొడవ మళ్ళీ లేస్తుంది. లంగర్‌హౌజ్‌లో బాపూ ఘాట్‌కు పోయే దారిలో ఒకటి చూశాను. పై మూలన గాంధీ, బొటనవేలంత. నడుమ చేతులు జోడించిన గల్లీ నాయకుడు, నిలువెత్తు. కింద వరసగా ఆరుగురు అనుచరులు. తీసేయడానికి మునిసిపల్ సిబ్బంది వస్తే, 'మహాత్ముడి బొమ్మనే చింపుతారా' అని అడ్డం పడ్డారు.

దేవుడి బొమ్మలు అచ్చేసి ఇంటింటికీ చేర్చిన రవివర్మ ప్రెస్సు, శివకాశి కేలండర్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 1948లో గాంధీని చంపాక బజారులోకి వచ్చిన బొమ్మలు వేరే రకం. స్వర్గానికి వెళ్తున్న బాపు ఒకదాంట్లో. నడుమ ఆయన, చుట్టూ పుట్టుక నుంచి చితి దాకా చిన్న చిన్న ఘట్టాలు ఇంకోదాంట్లో. అప్పటికి హైదరాబాద్ నిజాం సంస్థానమే, పోలీసు చర్య సెప్టెంబరులో గానీ జరగలేదు. అయినా అస్థికలు ఇక్కడికీ వచ్చాయి. మూసీ, ఈసీ నదులు కలిసే చోట కలిపారు. ఇప్పటి బాపూ ఘాట్ అదే.

ఆ 1948 నాటి బొమ్మను కొన్నది ఎవరు? దుఃఖం ఉన్నవాడే. జేబులో డబ్బులు తీసి కొని, అద్దం కట్టించి, దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. మా మేనత్త ఇంట్లో ఇందిరమ్మ పటం ఉండేది. 1984లో కట్టించింది. వెనక అట్టను చెదలు తిన్నా, అద్దం మీద కుంకుమ బొట్టు మాత్రం ఎండి అలాగే ఉంది.

1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కూడా బొమ్మ కొని ఇంట్లో పెట్టుకునే ఈ పద్ధతినే గుర్తించింది. వ్యాపారానికి గాంధీ బొమ్మ వాడకూడదు. కేలండరు మీద వేయొచ్చు గానీ తయారుచేసినవాడి పేరు, అచ్చేసినవాడి పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు, దాంతో సరుకు ప్రచారం చేయకూడదు. ఆ చట్టం రాసినవాళ్ళకు సబ్బుల కంపెనీలు తట్టాయి గానీ గల్లీ నాయకులు తట్టలేదు.

అంతా మారింది ఫ్లెక్సీ మెషీన్ వచ్చాకే. చదరపు అడుగు లెక్కన, సాయంత్రం ఆర్డరిస్తే పొద్దున్నే కట్టేయొచ్చు. 2009 సెప్టెంబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో పోయినప్పుడు నగరమంతా అవే. డబ్బు పెట్టేవాడు మారాడు, కాబట్టి బొమ్మలో పెద్ద ముఖమూ మారింది. నా లెక్కలో మొత్తం గొడవ ఇంతే. 'మేం కట్టకపోతే ఎవరు గుర్తుచేస్తారు' అని కార్యకర్తలు అంటారు. అదీ ఒక మాటే. కానీ నేను నిలబడ్డ డీటీపీ షాపులో వినబడ్డది వేరు: 'పెద్దాయనది నెట్‌లో ఏదో ఒకటి తీస్కో. అన్న ఫొటో మాత్రం నేను వాట్సాప్ చేసిందే పెట్టు.'

లంగర్‌హౌజ్ ఫ్లెక్సీ మూడో రోజుకి చాయ్ బండి మీదికెక్కింది. నాయకుడి జోడించిన చేతులు ముందుకి కనిపిస్తున్నాయి. గాంధీ ఉన్న మూల మడత పెట్టి తాడుతో కట్టేశారు.