కాటాల షాపులో కాలిక్యులేటర్లు: ఆగిపోయిన గ్రాఫింగ్ మిషన్ల మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నాది ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే షాపు. ఎనుమాముల మార్కెట్ సీజన్‌లో మిర్చి, పత్తి తూచే కాటాలు వస్తాయి, మిగతా రోజుల్లో కిరాణా కొట్లవి, కూరగాయల బండ్లవి. ఇల్లు గడిచేది వాటితోనే. లెక్కను స్క్రీన్ మీద గీత గీసి చూపే పాత గ్రాఫింగ్ కాలిక్యులేటర్లంటే మాత్రం నాకు పిచ్చి. టేబుల్ కింద డ్రాయర్లో టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ల టీఐ-81 నుంచి హెచ్‌పీ (హ్యూలెట్-ప్యాకర్డ్) వాళ్ల 50జీ దాకా పద్నాలుగు ఉన్నాయి. వాటిలో మూడు ఇంకా పలకవు.

కాటాకూ కాలిక్యులేటర్‌కూ లోపల చుట్టరికం ఉంది. అదే ఎల్‌సీడీ అద్దం, అదే బటన్ల రబ్బరు, అదే కారిపోయిన సెల్. అందుకే ఎవరి బీరువాలోనైనా పాత మిషన్ బయటపడితే తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. దానితోపాటు కొన్ని మాటలు కూడా వస్తాయి. ఇరవై ఏళ్లుగా వింటున్న ఆ మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మన చదువుల రోజుల్లో ఇంజనీరింగ్ పిల్లలందరి దగ్గరా ఇవి ఉండేవి.

లేవు. మన బ్యాగుల్లో ఉన్నది క్యాసియో సైంటిఫిక్, ఎఫ్‌ఎక్స్-82 లేదా ఎఫ్‌ఎక్స్-991. ప్రోగ్రామ్ రాసుకునే మిషన్‌ను పరీక్ష హాల్లోకి రానిచ్చేవారు కాదు కాబట్టి కొనాల్సిన పనే పడలేదు. 2016 నుంచి గేట్ పరీక్షలో సొంత కాలిక్యులేటరే లేదు, స్క్రీన్ మీద వాళ్లు ఇచ్చిందే వాడాలి. మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్, క్యాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ, 1985లో వచ్చింది. ప్రోగ్రామ్‌ల కోసం అందులో ఉన్న చోటు 422 బైట్లు. నేను తెలుగులో టైప్ చేస్తున్న ఈ పేరాలో సగం కూడా అందులో పట్టదు.

మరి వరంగల్‌కు ఎలా వచ్చాయి? సూట్‌కేసుల్లో వచ్చాయి. 1959లో ఇక్కడ పెట్టిన ఆర్‌ఈసీ, 2002లో ఎన్‌ఐటీ అయింది. అక్కడ చదివి ఎంఎస్‌కు అమెరికా పోయినవాళ్లు అక్కడి క్లాసు కోసం టీఐ, హెచ్‌పీ కొన్నారు. చదువు అయిపోయాక తమ్ముడికో బామ్మర్దికో తెచ్చి ఇచ్చారు. ఆ తమ్ముడు దాన్ని పరీక్షకు తీసుకెళ్లలేక బీరువాలో పెట్టాడు. నా దగ్గరికి వచ్చే వాటిలో చాలా వాటి బటన్ల మీద అక్షరాలు కొత్తగా ఉంటాయి, లోపల సెల్లు మాత్రం కారిపోయి ఉంటాయి.

నా సంగతీ అంతే. 1999లో పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా మేనబావ పెళ్లికని డాలస్ నుంచి వస్తూ టీఐ-83 తెచ్చాడు. వారం రోజులు నా చేతిలో ఉంది. సైన్ గీత ఎడమ నుంచి కుడికి ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పాకడం చూశాను. తర్వాత అది ఆయనతోనే విమానం ఎక్కింది. ‘నువ్వు వాడనే లేదు కదా, దాని మీద ఇంత ముచ్చటేంది’ అని మా ఆవిడ అడుగుతుంది. వాడలేదు కాబట్టే అంటాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు.

అపోహ: స్క్రీన్ మీద ఏమీ రావడం లేదంటే మిషన్ చచ్చిపోయినట్టే.

ముందు కాంట్రాస్ట్ చూడండి. టీఐల్లో సెకండ్ బటన్ నొక్కి వదిలి, పై బాణం నొక్కి పట్టుకోవాలి. హెచ్‌పీ 48లో ఆన్ నొక్కి ఉంచి ప్లస్ నొక్కాలి. ‘సచ్చిపోయిందన్నా, పాత సామాన్లోనికి ఇద్దామంటుంది అమ్మ’ అని ఒక తమ్ముడు తెచ్చిన టీఐ-85 ఇలాగే నిమిషంలో లేచి కూర్చుంది. డబ్బులు తీసుకోలేదు, చాయ్ తాగించాడు.

మే నెలలో ఇంకోటి జరుగుతుంది. ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే స్క్రీన్ మొత్తం నల్లబడుతుంది. అద్దాల మధ్య ఉన్న లిక్విడ్ క్రిస్టల్ వేడికి తన అమరిక కోల్పోతుంది, అంతే. నీడలో పెట్టి చల్లారనివ్వండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. అద్దం పగిలి సిరా ఒలికినట్టు నల్ల మరక పాకిందంటే మాత్రం దానికి మందు లేదు.

అపోహ: సెల్ కారితే వంట సోడా రుద్దాలి.

నా దగ్గరికి వచ్చే మిషన్లను ఎక్కువగా పాడుచేసింది ఈ ఒక్క మాటే. వీడియోల్లో చూసి అందరూ ఇదే చేస్తున్నారు.

ఏ సెల్ కారిందో ముందు చూడాలి. పైన ఆల్కలైన్ అని రాసి ఉంటే లోపల ఉన్నది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. వంట సోడా కూడా క్షారమే. క్షారం మీద క్షారం రుద్దితే ఏం లాభం? దానికి కావాల్సింది కొంచెం పులుపు: వెనిగర్ గానీ, గింజలు లేకుండా వడకట్టిన నిమ్మరసం గానీ. ఇయర్ బడ్ కొస తడిపి అద్దితే తెల్లటి పొక్కు మీద బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగితే పని అయినట్టు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవాలి. పులుపును అలాగే వదిలేస్తే అది రాగిని తింటుంది.

గోడ గడియారాల్లో వేసే చవక జింక్-కార్బన్ సెల్ కారితే సంగతి తలకిందులు. వాటిలోంచి వచ్చేది ఆమ్ల గుణం ఉన్న జింక్ క్లోరైడ్. అక్కడ వంట సోడా నీళ్లు పనికొస్తాయి. అంటే ఆ వీడియో పూర్తిగా అబద్ధం కాదు, వేరే సెల్‌కు చెప్పిన మందు.

ఇంకో తప్పు, గరుకు కాగితం. స్ప్రింగ్ మీద చిలుము పోవాలని గీకుతారు, దానితో పైనున్న నికెల్ పూత కూడా పోతుంది. వానాకాలం దాటేలోపు తుప్పు. ఇనుప పీచు అయితే మరీ ఘోరం, దాని వెంట్రుకలు బోర్డు మీద పడి షార్ట్ చేస్తాయి. పెన్సిల్ చెరిపే రబ్బరు చాలు.

అపోహ: స్క్రీన్‌లో గీతలు మాయమైతే కొత్త డిస్‌ప్లే వేయాల్సిందే.

టీఐ-83 లాంటి వాటిలో నిలువు వరసలు మాయమైతే తప్పు చాలాసార్లు అద్దానిది కాదు, అద్దాన్ని బోర్డుకు కలిపే పల్చటి రిబ్బన్‌ది. అది సోల్డర్ చేసింది కాదు, వేడితో అతికించింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అతుకు లేస్తుంది. మీద కాగితం పెట్టి తక్కువ వేడి మీద సోల్డరింగ్ ఐరన్ మొనతో మెల్లగా నొక్కుకుంటూ పోతే కొన్నిసార్లు పట్టుకుంటుంది. ప్రతిసారీ కుదరదు. నేను ఒక టీఐ-82 రిబ్బన్ కాల్చేశాను కూడా, దాన్ని విడిభాగాల డబ్బాలో వేశాను.

మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే అది వేరే రోగం. స్క్రీన్ మీది పోలరైజర్ పొర, అంటే వెలుగును ఒక దిశలోనే వదిలే పల్చటి ప్లాస్టిక్, వేడికి, తేమకు కుళ్లుతోందని అర్థం. పొర ఊడదీసి కొత్తది అంటించవచ్చు. తొంభై డిగ్రీలు తిప్పి అంటిస్తే నల్ల నేల మీద తెల్ల అక్షరాలు కనిపిస్తాయి. కొందరు కావాలని అలా చేయించుకుంటారు. నాకు నచ్చదు గానీ, మిషన్ వాళ్లది.

అపోహ: ఈక్వల్ టు బటన్ లేదు, ఇది డిఫెక్ట్ పీస్.

హెచ్‌పీ 48 తెచ్చిన ఒక సారు ఈ మాటే అన్నారు. లెక్క తేల్చడానికి దానికి ఈక్వల్ టు అక్కరలేదు. 3 కొట్టి ఎంటర్, 4 కొట్టి ప్లస్ అంటే 7. ఆ మీద 5 కొట్టి ఇంటూ అంటే 35. బ్రాకెట్లూ అక్కరలేదు. గుర్తును అంకెల ముందు రాయాలన్న పోలండ్ తార్కికుడు యాన్ వుకాషెవిచ్ ఆలోచనను తిరగేసి చేసిన పద్ధతి కాబట్టి రివర్స్ పోలిష్ అంటారు. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 నుంచీ ఆ కంపెనీ జేబు కాలిక్యులేటర్లకు ఇదే గుర్తింపు.

నిజానికి మన భాషకు ఇది కొత్త కాదు. ‘మూడూ నాలుగూ కలుపు, దాన్ని ఐదుతో హెచ్చించు’ అంటాం. అంకెలు ముందు, పని చివర. ఇలా చెప్పగానే ఆ సారు అక్కడే నిలబడి కరెంటు బిల్లు లెక్క వేసి చూసుకున్నారు.

అపోహ: పాతవి కదా, లెక్క తప్పు చెబుతాయి.

కంప్యూటర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరిచి 0.1 + 0.2 అడగండి. 0.30000000000000004 అంటుంది. టీఐ-83లో, హెచ్‌పీ 48లో అడిగితే నికరంగా 0.3. ఇవి అంకెలను మనలాగే పదుల పద్ధతిలో దాచుకుంటాయి, కంప్యూటర్ రెండుల్లోకి మార్చుకుని దాచుకుంటుంది. పదో వంతు రెండుల్లో పూర్తిగా ఇమడదు. ఎక్సెల్‌లో -3^2 అని కొడితే 9 వస్తుంది, టీఐలో మైనస్ 9 వస్తుంది. గణితం సారు ఎవరికి మార్కులు వేస్తారో మీకు తెలుసు.

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. 1993 నాటి టీఐ-82కూ 1996 నాటి టీఐ-83కూ 6÷2(1+2) ఇస్తే మొదటిది 1 అంటుంది, రెండోది 9 అంటుంది. బ్రాకెట్‌కు ఆనుకుని ఉన్న 2ను ముందు హెచ్చించాలా వద్దా అనే దగ్గర కంపెనీయే మనసు మార్చుకుంది. వాట్సాప్‌లో ఏటా తిరిగే ఆ తగాదాను నేను రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి ఆపాలని చూశాను. ఇంకా పెరిగింది.

గ్రాఫ్ విషయంలోనూ జాగ్రత్త. టీఐ-83 స్క్రీన్ అంటే 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. అది ఒక్కో చుక్క దగ్గర విలువ కట్టి, ముగ్గు వేసినట్టు పక్క చుక్కతో కలుపుతుంది. టాన్ గ్రాఫ్‌లో కనిపించే నిలువు గీతలను అసింప్టోట్‌లు (గ్రాఫ్ దగ్గరవుతూ పోయినా తాకని హద్దు గీతలు) అనుకుని నోట్సులో దించేసినవాళ్లు ఉన్నారు. పైన అనంతానికి పోయిన చుక్కను, కింద నుంచి వస్తున్న చుక్కతో మిషన్ కలిపేసిన గీత అది. చుక్కలను కలపని డాట్ మోడ్‌లో పెడితే మాయమవుతుంది.

అపోహ: బాగా లేవు కాబట్టే కంపెనీలు ఆపేశాయి.

హెచ్‌పీ 48జీఎక్స్ 1993లో వచ్చి 2003 దాకా అమ్ముడైంది. సర్వేయర్ల కోసం దానికి ప్రత్యేకంగా ప్రోగ్రామ్ కార్డులు ఉండేవి. ఇన్‌ఫ్రారెడ్ ఉంది కాబట్టి టీవీ రిమోట్‌గా వాడుకున్న చిలిపివాళ్లూ ఉన్నారు. తర్వాతి 50జీ 2015లో ఆగింది. వీటిని కొన్నది ఇంజనీర్లు, వాళ్లు ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ వెళ్లిపోయారు. టీఐని కొన్నది అమెరికా బడి పిల్లలు. వాళ్ల పరీక్షలు ఉన్నన్నాళ్లూ అది ఉంటుంది, నాకు అర్థమైనంతలో తేడా అదే. ఆ టీఐల గుండెకాయ జెడ్80 ప్రాసెసర్ 1976లో పుట్టింది. దాని పాత రకానికి జైలాగ్ కంపెనీ 2024లో చివరి ఆర్డర్లు తీసుకుంది. ఆ వార్త చదివిన రోజు డ్రాయర్ తెరిచి అన్నింటినీ ఒకసారి ఆన్ చేసి చూశాను.

అపోహ: సెల్లు తీసినా లోపలి ప్రోగ్రామ్‌లు ఎక్కడికీ పోవు.

పోతాయి. పాత మోడళ్లలో ప్రోగ్రామ్ ఉండేది ర్యామ్‌లో, దాన్ని సెల్లే బతికిస్తాయి. సెల్లు మార్చే నిమిషం గడిపేందుకు చాలా టీఐల్లో ఒక బటన్ సెల్ వేరేగా ఉంటుంది. అది ఎండిపోయిందేమో ఎవరూ చూడరు. టీఐ-83 ప్లస్‌లో సెల్ లేకున్నా నిలిచే ఫ్లాష్ మెమరీ వచ్చింది, అందులోకి పంపినవి (ఆర్కైవ్ చేసినవి) ఉంటాయి, పంపనివి పోతాయి.

ఇది నేను ఒకరి మనసు నొప్పించి నేర్చుకున్నాను. చనిపోయిన తండ్రి టీఐ-86 తెచ్చి ఒకమ్మాయి ఇచ్చింది. బాపు ఇందులో ఏవో ప్రోగ్రామ్‌లు రాసుకునేవాడు, చూడాలని ఉంది అంది. నాలుగు సెల్లు ఒకేసారి లాగేశాను. బటన్ సెల్ ఎప్పుడో చచ్చింది. స్క్రీన్ మీద మెమరీ క్లియర్డ్ అని వచ్చింది. అప్పటి నుంచి ఏ మిషన్ వచ్చినా ముందు కేబుల్ పెట్టి లోపలున్నది కంప్యూటర్‌లోకి దించుకుంటాను, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్. బటన్ సెల్‌నూ పెద్ద సెల్లనూ ఒకేసారి తీయను.

అపోహ: ఫోన్‌లో ఎమ్యులేటర్ (అసలు మిషన్‌లాగే నడిచే యాప్) ఉండగా ఈ డబ్బాలెందుకు?

లెక్కల కోసమైతే నిజంగానే అక్కరలేదు. హెచ్‌పీ 48 ఎమ్యులేటర్ నకలు కాదు, మిషన్‌లో శాశ్వతంగా రాసి ఉన్న అసలు ప్రోగ్రామ్‌నే (రోమ్) నడుపుతుంది, అదీ ఎన్నో రెట్లు వేగంగా. నా ఫోన్‌లో కూడా ఉంది, బస్సులో అదే వాడతాను. అద్దం మీద వేలు జారుతుంది, బటన్ కింద టక్కుమనదు, అదొక్కటే లోటు.

మీ ఇంట్లో ఏదైనా మిషన్ పనికిరాదని తేలినా పాత సామాన్లకు వేసే ముందు వెనక సెల్లు మూత ఒకసారి చూడండి. నా హెచ్‌పీ 48కు మూత లేదు, మూడేళ్లుగా టేపు వేసి నడుపుతున్నాను. బదులుగా టీఐ-83 ముందు కవర్లు రెండు ఇస్తాను, ఒకదాని మీద చిన్న గీత ఉంది.