గట్టు కింద కలక నీరు

బుజ్జీ, చిన్నోడా,

మొన్న ఫోనులో బుజ్జి అడిగింది: "తాతయ్యా, రాత్రిపూట ఎవరికైనా బాగోలేకపోతే తెల్లారేదాకా ఆగొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?"

ఇక్కడ ఉబాలు, అదే వరి నాట్లు, మొదలయ్యాయి. చెరువు నిండింది, గట్టు కింద ఊట వస్తోంది. తేట ఊటైతే మా నాన్న "రేపు చూద్దాం" అనేవారు. కలకగా వస్తే మాత్రం కంచం ముందు నుంచి లేచి పార పట్టుకునేవారు. నీరు గట్టు లోపలి మట్టిని తోడుకొస్తోందన్నమాట. చూడ్డానికి దారమంతే ఉంటుంది, కాసేపటికి అదే గండి. ఒకసారి వానలో నేనూ గడ్డిమోపులు మోశాను. మనిషీ అంతే. నొప్పి ఎంతుందని కాదు, లోపల ఏం కొట్టుకుపోతోందో చూడాలి. ఊపిరి, తెలివి, మాట: మన గట్టుకి మట్టి ఇవే.

నాకు పదేళ్లప్పుడు, ఇవే రోజుల్లో, చిన్నాన్న నేల మీద చాపేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి కడుపునొప్పన్నాడు. గాటు లేదు, వాపు లేదు. వాము నీళ్లిచ్చారు. రెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తనుకున్నాం. మాట ముద్దయింది. బండి కట్టేసరికి ఊపిరి లేదు. కట్లపాము కరిచింది. దాని కాటు ఒక్కోసారి దోమ కుట్టినంతైనా తెలీదు. ఆ వాలిన రెప్పలే కలక నీరు. పక్కనే కూర్చుని చూశాను, నాకు తెలీలేదు. ఆ రెప్పలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

అప్పుడు మాకు ఎడ్లబండి. మన రాష్ట్రంలో 2005 నుంచి 108 ఉంది. పాము కరిచిందనిపిస్తే కొయ్యొద్దు, తాడుతో బిగించొద్దు, మంత్రాలకి తిప్పొద్దు. ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూతి ఒక పక్కకి వంగినా, ఒక చెయ్యి లేవకపోయినా, గుండెల్లో బరువుతో చెమటలు పట్టినా కలకే. మూతి వంగితే టైము కూడా రాసుకోండి. పక్షవాతంలో రక్తపు గడ్డని కరిగించే మందు మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. పెద్దవాళ్లు "పొద్దున్న చూద్దాం" అంటే తాతయ్య చెప్పాడని పట్టుపట్టండి. తిడితే తిట్టనీయండి.

ఈ రాత్రి ఒక పని చెయ్యండి. అమ్మమ్మ నిద్రపోయాక పక్కన చప్పుడు చెయ్యకుండా కూర్చుని, నిమిషంలో ఊపిరి ఎన్నిసార్లు లేచి పడుతుందో లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటుంది. ఎవరూ తొయ్యకుండా, రాత్రంతా దానంతటదే ఎలా నడుస్తోందో చూడండి. ఎన్ని వచ్చాయో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య,
నరసన్నపేట దగ్గర, శ్రీకాకుళం జిల్లా