వేపకొమ్మకు కట్టిన బంతి

దేవరకొండ వైపు ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో నేను పాఠాలు చెబుతాను. మూడో తరగతిలో ఒక పాప ఉండేది. బ్యాటు పట్టిన ప్రతిసారీ, బంతి దగ్గరికి రాగానే కండ్లు గట్టిగా మూసుకుని తల పక్కకు తిప్పేది. బంతి దాటిపోయాక బ్యాటు ఊగేది. "కనవడ్తలేదు సార్" అనేది. "చివరిదాకా బంతినే చూడు బిడ్డా" అని నెల రోజులు చెప్పాను. ఏమీ మారలేదు. లోపం పాపలో లేదని, నేను చెప్పే మాటలోనూ ఆమె చేతికిచ్చిన బ్యాటులోనూ ఉందని తర్వాత అర్థమైంది.

ముందు కంటి సంగతి చూద్దాం. మైఖేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు బ్యాటర్ల తలకు చిన్న కెమెరా అమర్చి, ఆడేటప్పుడు చూపు ఎటు పోతుందో నమోదు చేసి 2000లో ప్రచురించారు. బంతి వెలువడే క్షణాన చూపు దాని మీదే ఉంటుంది. ఆ వెంటనే కన్ను బంతిని వదిలేసి, అది నేలను తాకబోయే చోటికి ముందే దూకి అక్కడ కాచుకుంటుంది. నేలకు తగిలి లేచాక మళ్లీ కాసేపు వెంబడిస్తుంది. ఆట బాగా వచ్చినవాడి చూపు ఇంకాస్త ముందే దూకుతుంది. బంతి దగ్గరయ్యేకొద్దీ కంటి ముందు ఎంత వేగంగా పక్కకు జరుగుతుందంటే, దాన్ని చివరి అంగుళం దాకా వెంబడించడం పెద్దవాళ్ల వల్లే కాదు. పైగా కదిలే వస్తువును సాఫీగా చూపుతో పట్టుకునే శక్తి పిల్లల్లో పదేళ్లు దాటాక కూడా ఇంకా మెరుగవుతూనే ఉంటుంది. అంటే పెద్ద ఆటగాళ్లు కూడా చేయని పనిని ఎనిమిదేళ్ల పిల్లను చేయమన్నాను.

కాబట్టి పిల్లకు నేర్పాల్సింది బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేయడం. దానికి మాకు ముగ్గుపిండి సరిపోయింది. పాప నిలబడే చోటికి రెండడుగుల ముందు సైకిల్ చక్రమంత ముగ్గు గీశాం. బంతిని కింది చేత్తో, నెమ్మదిగా, ఆ ముగ్గులోనే పడేలా వేయాలి. ఏడెనిమిది మీటర్ల దూరం నుంచి అలా వేస్తే బంతి రావడానికి సెకను పైనే పడుతుంది. చూపు ముగ్గు మీద ముందే కాచుకోవచ్చు. ఇంకో చిన్న విషయం. మాది చల్క నేల. ఎర్ర బంతి ఆ నేలలో కలిసిపోతుంది. తెల్లదో పసుపుదో వాడాలి. పిల్లకు చూపు సరిగా లేదనుకునే ముందు బంతి రంగు మార్చి చూడండి.

ఇక బ్యాటు. మా బడిలో ఉన్నది హైస్కూలు పిల్లలు వాడి వదిలేసింది. నిలబెడితే పాప ఛాతీ దాకా వచ్చేది. ఒక కర్రను కొసన పట్టుకుని తిప్పడం ఎంత కష్టమన్నది బరువు ఒక్కదాని మీదే ఉండదు. ఆ బరువు చేతికి ఎంత దూరంలో ఉందన్నదీ ముఖ్యమే, అదీ దూరం వర్గం లెక్కన. భౌతికశాస్త్రంలో దీన్ని జడత్వ భ్రామకం అంటారు. ఒకే మందం ఉన్న కర్రను సగానికి కోస్తే బరువు సగమవుతుంది, కానీ తిప్పడంలో పడే భారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పొడవాటి బ్యాటును కదిలించడానికే పిల్లకు సమయమంతా పోతుంది. అందుకే ఆమె బంతి ఎటొస్తుందో తెలియకముందే ఊపడం మొదలుపెట్టాలి, లేదా ఆలస్యంగా ఊపాలి. మా పాప రెండోది చేసేది. ఊళ్లో వడ్లాయన దగ్గర మిగిలిన చెక్కలతో అడుగున్నర పొడుగు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బ్యాట్లు నాలుగు చేయించాం. క్రికెట్ నియమాల ప్రకారం బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్లు దాటకూడదు. మూడో తరగతి పిల్లలకు ఆ నియమంతో పనేముంది?

అయినా భయం పోలేదు. ముఖం మీదికి వచ్చే వస్తువును చూసి కన్ను మూసుకోవడం శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి. దాన్ని తిట్టి మాన్పించలేం, దెబ్బ తగలదన్న నమ్మకం కలిగించాలి. పాత సాక్సులో గుడ్డపీలికలు కూరి మూతి కుట్టి, బడి ముందున్న వేపకొమ్మకు తాడుతో కట్టాం. పాప నడుము ఎత్తులో వేలాడింది. మొదట కదలని బంతిని కొట్టడం. తర్వాత దాన్ని మెల్లగా ఊపి, ఊగుతున్నప్పుడు కొట్టడం. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఊగే బంతి లోలకమే. మీటరు తాడుకు కట్టిన బంతి ఒకసారి పోయి రావడానికి దాదాపు 2 సెకన్లు తీసుకుంటుంది, రెండు మీటర్ల తాడుకైతే దాదాపు 2.8. చిన్నగా ఊపినంతవరకు ఈ లెక్క మారదు. బంతి ప్రతిసారీ చెప్పిన వేళకే వస్తుంది. తాడు పొడిగిస్తే పిల్లకు ఇంకాస్త సమయం దొరుకుతుంది. మనిషి వేసే బంతికి ఆ నిలకడ ఉండదు.

ఈ మెట్లు మన ఊళ్లకు కొత్తవి కావు. చిర్రగోనె (గిల్లీదండా) ఆటను గుర్తు చేసుకోండి. చిర్ర అంటే చిన్న పుల్ల, గోనె అంటే పొడుగు కర్ర. చిర్ర కొసన గోనెతో కొట్టి లేపేదీ, గాల్లో ఉండగానే మళ్లీ కొట్టేదీ ఒకరే. ఎప్పుడు లేస్తుందన్నది కొట్టేవాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి వేళ కుదుర్చుకోవడం తేలిక. అయితే చెక్కిన చిర్ర కంటికి తగిలి చూపు పోయిన పిల్లల గురించి మన దేశంలో కంటి డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. బడిలో దాన్ని ఆడించను. అందులోని కిటుకు మాత్రం తీసుకున్నాం. పిల్లే బంతిని తన ముందు ఒకసారి నేల మీద వేసి, లేవగానే కొట్టాలి.

కొట్టేవాళ్ల గురించే ఇంతసేపు చెప్పాను. నిజానికి ఎక్కువ అన్యాయం జరిగేది ఫీల్డింగ్‌లో నిలబెట్టినవాళ్లకు. 30 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్, ఒకటే బ్యాటు అనుకోండి. ఒక్కొక్కరికి బ్యాటింగ్ ఒక నిమిషం పైన ఇరవై సెకన్లు. మిగతా సేపంతా ఎండలో నిలబడి మట్టి గీకుతారు. బంతి వచ్చేది గట్టిగా ఆడే ఇద్దరు ముగ్గురి దగ్గరికే. అదే ఐదుగురి చొప్పున ఆరు జట్లు చేస్తే ఒక్కొక్కరికి 8 నిమిషాలు వస్తాయి, ఫీల్డింగ్ చేసే నలుగురికీ చేతి నిండా పని. చెప్పులే వికెట్లు, చెప్పులే గీతలు.

గాల్లో లేచిన బంతిని పట్టడం పిల్లలకు లెక్కలు రాకుండానే వస్తుంది. దీని వెనుక ఉన్న సూత్రాన్ని 1968లో సెవిల్ చాప్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పాడు. మన వైపు వచ్చే బంతి కంటికి ఒకే తీరుగా పైకి లేస్తున్నట్టు కనిపిస్తే అది మన దగ్గరే పడుతుంది. లేచే వేగం పెరుగుతున్నట్టుంటే వెనక్కి, తగ్గుతున్నట్టుంటే ముందుకు పరుగెత్తాలి. 1993లో మెక్‌లియోడ్, జోల్టన్ డీనెస్ ఫీల్డర్ల పరుగును కొలిచి చూస్తే, బంతి కంటికి ఒకే తీరుగా లేస్తున్నట్టు కనిపించేలా వాళ్లు పరుగు వేగాన్ని సర్దుకుంటున్నారని తేలింది. అందుకని పిల్ల చేతిలో పడేలా బంతి వేస్తే ఆమె నేర్చుకునేది తక్కువ. రెండడుగుల ముందుకో వెనక్కో వేయాలి. కాలు కదిలితేనే కంటికి పాఠం వస్తుంది.

విసరడం దగ్గర మాత్రం నాకు బాధ ఉంది. కుడిచేత్తో విసిరే పిల్లలు మొదట్లో కుడికాలే ముందుకు వేస్తారు. అప్పుడు నడుము తిరగదు, ఒక్క చేయే పని చేస్తుంది. ఎడమకాలు ముందుకు పడితే నడుము, భుజం, మోచేయి, మణికట్టు ఒకదాని వెనుక ఒకటి తిరిగి వేగం అందించుకుంటాయి. జొన్నచేను మంచె మీద ఒడిసెల తిప్పినవాళ్లను చూసినవాళ్లకు ఇది తెలుసు. ఎడమపాదం గుర్తు ముగ్గుతో గీస్తే వారంలో మారుతుంది. "ఆడపిల్లలకు ఇసురుడు రాదు" అని ఊళ్లో అంటారు. మగపిల్లలు ఐదేళ్ల నుంచి మామిడికాయలకు, చింతకాయలకు రాళ్లు రువ్వుతుంటే ఆడపిల్లలను ఇంట్లోకి పిలుస్తాం. చేయి తిరగని పనిలో ఎవరికైనా ఏం వస్తుంది? ముగ్గు పాదాల మీద నిలబడి మా ఆడపిల్లలు విసిరిన దూరం నేను అడుగులతో కొలిచాను. ఆ మాట నేనిక ఒప్పుకోను.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో డేవిడ్ బంకర్, రాడ్ థార్ప్ 1982లోనే ఒక మాట చెప్పారు: ముందు ఆటను అర్థం చేసుకోనివ్వండి, అవసరం తెలిశాక నైపుణ్యం నేర్పండి. ఒకరోజు ఆట ఆపి, "బంతి నీ దగ్గరికొచ్చింది, ఇప్పుడెవరికియ్యాలె?" అని అడిగాను. నాలుగో తరగతి పిల్లాడు, "నేనే ఉరికి తెస్త" అన్నాడు. పక్కనున్న అమ్మాయి, "నువ్వు ఉరికేలోపల బాల్ పోతది, నాకెయ్యి" అంది. పిల్లలు సెకనుకు మూడు నాలుగు మీటర్లు పరుగెత్తితే, వాళ్లు విసిరిన బంతి దానికి రెండింతలు, మూడింతలు పోతుంది. దూరం నుంచి ఒక్కరే విసిరితే ఎటో పోయేది. మధ్యలో ఒకరు అందుకోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

ఒంటిపూట బడులు మొదలైన వారం, ఎనిమిదింటికే ఆట పెట్టాం. వేపచెట్టు కింద ఆ పాప సాక్సు బంతిని వరుసగా ఆరుసార్లు కొట్టింది. కండ్లు తెరిచే ఉన్నాయి. ఏడోసారి బంతి తాడుతో సహా కొమ్మ చుట్టూ చుట్టుకుపోయింది. విప్పుతామని నేను స్టూలు ఎక్కబోతే ఆపింది.

"తాడు ఇడిచిపెట్టుండ్రి సార్. ఇగ మీరే ఎయ్యుండ్రి."