ఐదో తరగతి నుంచి పెద్ద బడికి: వేసవి తరగతులపై అపోహలు - వాస్తవాలు

వర్ధన్నపేట దగ్గరి ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చుట్టుపక్కల ప్రైమరీ బడుల్లో ఐదు పూర్తయిన పిల్లలు ఆరో తరగతికి మా దగ్గరికే వస్తారు. వాళ్ల కోసం మే నెలలో 15 రోజులు, పొద్దున 7 నుంచి 10 దాకా తరగతులు పెడతాం. వాటి గురించి తల్లిదండ్రులు ప్రతిసారీ అనే మాటలివి.

అపోహ: ఆరో తరగతి పాఠాలు ముందే చెప్పేస్తారు.

చెప్పం. జూన్ 12న బడి తెరిచాక అవి ఎలాగూ ఉంటాయి. ప్రైమరీలో ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెబుతారు. ఇక్కడ గంట కొట్టినప్పుడల్లా టీచరు మారుతారు. పరిసరాల విజ్ఞానం పోయి సైన్సు, సోషల్ వేరవుతాయి. హిందీ కొత్తగా మొదలవుతుంది. టైంటేబుల్ చూసుకోవడం రాక పిల్లలు పుస్తకాలన్నీ రోజూ వీపున మోసుకొస్తారు. అందుకని మొదట టైంటేబుల్ రాయిస్తాం, రేపటి బ్యాగు రాత్రే సర్దుకోవడం నేర్పిస్తాం. ఇక నా సబ్జెక్టులో భాగహారం, భిన్నాలు గట్టిగా చేయిస్తాను. అక్కడ తడబడితే ఆరులో నిష్పత్తి దగ్గర ఆగిపోతారు.

అపోహ: ఇవి చదువు రాని పిల్లలకే.

ఈ మాటతోనే నాకు ఎక్కువ బాధ. 11 మంది ఉన్న క్లాసులో ఫస్ట్ వచ్చే బాబు ఒకడు నేరుగా జూన్‌లో వచ్చి 40 మందిలో కూర్చున్నాడు. మొదటి స్లిప్ టెస్టులో మార్కులు తగ్గాయి. ఆ తర్వాత జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడం మానేశాడు. "మావోడు ఇంట్ల మాట్లాడ్తలేడు టీచర్" అని వాళ్లమ్మ వచ్చి ఏడ్చింది. వాడికి చదువు రాకపోవడం కాదు, కొత్త గుంపులో తన చోటు ఏదో తెలియలేదు. మళ్లీ చెయ్యి ఎత్తేసరికి దసరా సెలవులు వచ్చాయి.

అపోహ: నాలుగు రోజులైతే వాళ్లే అలవాటు పడతారు.

కొందరు పడతారు. ఒక పాపకు రోజూ మధ్యాహ్నం తలనొప్పి. అన్నం తిన్నావా అంటే తిన్నానంది. నీళ్ల బాటిల్ చూస్తే పొద్దున తెచ్చింది తెచ్చినట్టే నిండుగా ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే మెల్లగా చెప్పింది: టాయిలెట్ దగ్గర పెద్దక్కలు ఉంటారు, భయమేస్తుంది, అందుకే నీళ్లు తాగను అని. అప్పటికి బడి తెరిచి మూడు వారాలు. నా కళ్ల ముందే ఉన్నా నేను గమనించలేదు. ఇప్పుడు వేసవి తరగతుల మొదటి రోజు పుస్తకం తీయం. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఈ పిల్లల చెయ్యి పట్టుకుని టాయిలెట్, నల్లా, హెచ్‌ఎం గది చూపిస్తారు. జూన్‌లో ఆ అక్కలే వీళ్లను పేరు పెట్టి పిలుస్తారు.

అపోహ: సెలవులన్నీ పాడవుతాయి.

రోజుకు మూడు గంటలే. అమ్మమ్మగారి ఊరికి వెళ్లి మధ్యలో వచ్చినా చేర్చుకుంటాం.

మీ దగ్గర ఇలాంటి తరగతులు లేకపోతే, జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమానికి టీచర్లు మీ వాడకు వచ్చినప్పుడు అడగండి: మా పిల్లను ఒక పూట తీసుకొస్తాం, బడంతా చూపిస్తారా అని. బస్సులో రావాల్సిన పిల్లలైతే ఆ రోజే మీరూ కలిసి బస్సెక్కండి. ఆర్టీసీ బస్సులో ఆడపిల్లకు మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ (పైసలు లేని టికెట్) ఉంటుంది, ఆధార్ కార్డు బ్యాగులో పెట్టండి. ఏ స్టేజీలో దిగాలో తననే చెప్పనివ్వండి.