గునపం దిగని నేల: పునాదుల విషయంలో అపోహలు, వాస్తవాలు

కోనసీమలో పద్దెనిమిదేళ్లుగా మట్టి పరీక్షలు చేస్తున్న నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఒక్కటే: "మా స్థలంలో గునపమే దిగలేదండీ, ఇంక పరీక్ష దేనికి?" అమలాపురం దగ్గర ఒక ఊళ్లో కొత్తగా ఇల్లు కట్టుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు కూడా మొదట ఈ మాటే చెప్పి, ఆ తరువాత వెనక గోడ మీద మెట్లు మెట్లుగా పాకిన బీటను వేలితో తడుముతూ, "ఇల్లు నిలుస్తుందా?" అని అడిగారు. జీవితకాలపు పొదుపును గోడల్లో పోసిన మనిషి ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన ముఖం చూడటం కష్టం.

అపోహ: పునాది గోతి అడుగున నేల గట్టిగా ఉంటే చాలు.

వాస్తవం: మన డెల్టాలో చాలాచోట్ల పైన మీటరున్నర, రెండు మీటర్ల మేర నేల ఎండలకు ఆరి గట్టిపడి ఉంటుంది, దాని కింద మెత్తని బంకమన్ను ఉంటుంది. ఆ ఉపాధ్యాయుని పెరట్లో బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కపెట్టాము. మీటరున్నర లోతులో 14 దెబ్బలు పడ్డాయి. నాలుగు మీటర్ల దగ్గర రెండే పడ్డాయి. ఆరు మీటర్ల దగ్గర గొట్టాన్ని దింపే రాడ్లు తమ బరువుకే దిగిపోయాయి. గొట్టం విప్పితే బూడిదరంగు మన్ను, అందులో చిన్న చిన్న గుల్లలు కనిపించాయి. బొటనవేలు పెట్టగానే కణుపుదాకా దిగింది.

గునపం తెలిపేది జానెడు లోతు సంగతి. కట్టడం బరువు దాని వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోతు వరకు నేలను నొక్కుతుంది కాబట్టి, పది మీటర్ల వెడల్పున్న ఇల్లు ఆ గట్టి పొరను దాటి కింది మెత్తని మన్ను మీద భారం మోపుతుంది. ఇది మన మేస్త్రీలు ఒక్కరే చేసిన పొరపాటు కాదు. కెనడాలో విన్నిపెగ్ దగ్గర ట్రాన్స్‌కోనాలో కట్టిన పెద్ద ధాన్యపు గిడ్డంగికి కూడా గోతి అడుగున చిన్న పలక మీద బరువు పెట్టి పరీక్షించి, నేల చాలినంత గట్టిదని తేల్చారు. 1913 అక్టోబరులో గోధుమలు నింపుతుండగా అది గంటలో అడుగు మేర కుంగి, ఒక్క రోజులో దాదాపు 27 డిగ్రీలు ఒరిగిపోయింది. పలక నొక్కినది పై పొరను మాత్రమే. గిడ్డంగి నొక్కినది కింది మెత్తని బంకమన్నును.

నేల ఎందుకు కుంగుతుందో లెక్క కట్టే శాస్త్రం అప్పటికి పసిదశలోనే ఉంది. గోడ మీద మట్టి ఎంత ఒత్తిడి చేస్తుందో ఫ్రెంచి ఇంజినీరు కూలుంబ్ 1773లోనే చెప్పాడు గానీ, బంకమన్ను ఏళ్ల తరబడి ఎందుకు కుంగుతుందో తేల్చినది ఆస్ట్రియా ఇంజినీరు కార్ల్ టెర్జాగీ. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ, దొరికిన సామగ్రితో పరికరాలు చేసుకుని, ఆయన 1925లో తన గ్రంథాన్ని వియన్నాలో వెలువరించాడు. పడిన భారాన్ని మొదట మన్ను రంధ్రాల్లోని నీరు మోస్తుంది. ఆ నీరు మెల్లగా బయటికి పోయినకొద్దీ భారం మట్టి రేణువుల మీదికి మారి నేల కుంగుతుంది. పొర మందం రెట్టింపైతే అందుకు పట్టే కాలం నాలుగింతలవుతుంది.

మన దగ్గర ఎక్కువ ఇళ్లను దెబ్బతీసేది ఇక్కడే. పొలంలో ఆరడుగుల మెరక పోస్తే చదరపు మీటరుకు మూడు టన్నులకు పైగా బరువు పడుతుంది; అది మామూలు రెండంతస్తుల ఇంటి బరువుకంటే ఎక్కువ. మెరక వేసి ఒక్క వర్షాకాలం తడిస్తే సర్దుకుంటుందని నమ్మడం వల్ల ఎందరు నష్టపోయారో చెప్పలేను. వాన నీటికి సర్దుకునేది పోసిన మట్టి. దాని కిందనున్న బంకమన్ను కాదు. ఉపాధ్యాయుని ఇంటి వెనక పూర్వం పంట బోదె ఉండేది కాబట్టి అక్కడ మెరక మందం ఎక్కువై, ఇల్లు ఆ వైపుకే కుంగింది.

అపోహ: ఇసుక మీద పునాది నిలవదు.

వాస్తవం: 1847 నుంచి 1852 వరకు కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట నిలిచినది గోదావరి ఇసుక మీదే. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలపడం తంజావూరు ప్రాంతపు పూర్వుల పని చూసి నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాశాడు. ఇసుకకు శత్రువు దాన్ని కోసుకుపోయే ప్రవాహం.

అపోహ: పైల్స్ (నేలలోకి లోతుగా దింపే పునాది స్తంభాలు) వేస్తే ఇక కుంగదు.

వాస్తవం: కొత్త మెరక కింద మన్ను కుంగుతూ పైలును కూడా కిందికి లాగుతుంది. ఆ భారాన్ని లెక్కలో కలపాలి.

అపోహ: బీట పడితే ఇల్లు పోయినట్టే.

వాస్తవం: వెంట్రుకంత సన్నని బీటలు చాలావరకు ప్లాస్టరువే. భయపడే ముందు బీట పెరుగుతోందో లేదో చూడాలి. అందుకు ఉపాధ్యాయుని ఇంట్లో బీటకు అడ్డంగా రెండు గాజు పలకలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, వాటి పక్కన గోడమీద తేదీ రాశాము. బీట పెరిగితే గాజు పగులుతుంది. పైది మూడో నెలలో పగిలింది. వెంటనే దాని స్థానంలో కొత్తది అతికించాము. ప్రతి పౌర్ణమికీ ఆయన ఆ రెండింటినీ చూసి నాకు ఫోన్ చేస్తున్నారు.