హెడ్ ఇంజ్యూరీ కేసులు: క్యాజువాలిటీలో ఆ అరగంట ఎందుకు?

తలకు దెబ్బ తగిలిన కేసు చేయి దాటినప్పుడల్లా వరంగల్‌లో లేచే గొడవే మళ్లీ లేచింది. "హైదరాబాద్ పంపేదుంటే వెంటనే పంపాలె గదా, సిస్టర్లు అరగంట ఏం చేసిన్రు?" అని పేషెంటు వాళ్ల కోపం. ఈ అరగంట సంగతి తేలాలంటే 1993కి పోవాలి.

ఆ ఏడాది అమెరికాలో చెస్నట్ అనే న్యూరోసర్జన్, ఆయన తోటివాళ్లు తలకు తీవ్రంగా దెబ్బ తగిలిన 717 మంది రికార్డులు తిరగేశారు. పై బీపీ ఒక్కసారి 90 కిందికి పడిపోయినా చావు ముప్పు దాదాపు రెట్టింపవుతోందని తేలింది. ఆక్సిజన్ తగ్గినా నష్టమే. అంటే బండి మీంచి పడ్డప్పుడు తగిలిన దెబ్బ ఒకటైతే, ఆ తర్వాత మెదడుకు రక్తం, ఆక్సిజన్ అందక తగిలేది రెండో దెబ్బ. మొదటిదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. రెండోదాన్ని ఆపొచ్చు, ఆ పని ఎక్కువగా నర్సు చేతిలోనే ఉంటుంది.

ఆ అరగంటలో చేయాల్సింది ఇదే: నోట్లో రక్తం, వాంతి ఉంటే సక్షన్ పెట్టి తీయాలి, మెడకు కాలర్ వేయాలి, ఆక్సిజన్ పెట్టాలి, లైన్లు వేసి సెలైన్ ఎక్కించాలి (గ్లూకోజ్‌ది కాదు), షుగర్ చూడాలి, కంటిపాపలు రెండూ ఒకేలా ఉన్నాయా అని టార్చ్ వేసి చూడాలి. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు తెచ్చిన, స్పృహ ఎంత ఉందో కొలిచే స్కేలు ప్రకారం 15కి ఎంత వచ్చిందో రాయాలి, మళ్లీ మళ్లీ చూడాలి, అది 8కి దిగిందంటే డాక్టర్ గొంతులో ట్యూబ్ వేయడానికి అన్నీ సిద్ధంగా పెట్టాలి. "వాపు తగ్గే ఇంజక్షన్ కూడా ఇవ్వలే" అంటారు చూడండి, ఆ స్టెరాయిడ్‌తో చావులు పెరుగుతున్నాయని పదివేల మందిపై జరిగిన 'క్రాష్' అనే పరిశోధన 2004లోనే తేల్చింది.

హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. బీపీ 80 ఉన్న మనిషిని అట్లాగే అంబులెన్స్ ఎక్కిస్తే జనగామ రాకముందే ఆ రెండో దెబ్బ తగిలేస్తుంది.

తల లోపల గడ్డ కట్టిన రక్తం మెదడును నొక్కుతుంటే ఆపరేషన్ ఆలస్యం కాకూడదన్నది నిజమే, ఇంటివాళ్ల తొందరలో తప్పు లేదు. క్యాజువాలిటీ లోపల ఏం జరుగుతోందో వాళ్లకు ఒక్క ముక్క చెప్పేవాళ్లు ఉంటే సగం కోపం అక్కడే తగ్గేది. కానీ ఇంత గొడవలో ఎవరూ అడగనిది ఒకటుంది: అంబులెన్స్‌లో పేషెంటు పక్కన ఎవరు కూర్చుంటున్నారు? దారిలో ఒక కంటిపాప పెద్దదైతే, నాడి నెమ్మదిస్తే ఆ ప్రమాదాన్ని పట్టుకోగలిగేవాళ్లేనా?